మోకాలి గాయం తరువాత మళ్ళీ ఆటకు: ఇన్‌డోర్ ఫుట్‌బాల్ బూట్ల ఎంపిక

“డాక్టరుగారూ! వీడు మందు కోసం రాలేదండీ. ఏ బూట్లు కొనుక్కోవాలో అడగడానికి వచ్చాడు. అసలు ఆటే వద్దని మీరైనా చెప్పండి!”

ఒక సాయంత్రం మా చికిత్సాలయానికి వచ్చిన ఒక తల్లి ఆవేదన ఇది. ఆమె పక్కన పందొమ్మిదేళ్ళ కుమారుడు తలవంచుకొని కూర్చున్నాడు. చేతిలో ఒక సంచి, ఆ సంచిలో రెండు జతల బూట్లు. ఒకటి మైదానంలో ఆడే ముళ్ళ బూట్లు, రెండవది ఉదయం పరుగుకు వాడే మెత్తని బూట్లు. ఏడు నెలల క్రితం కృత్రిమ పచ్చిక మీద ఆ ముళ్ళ బూట్లతోనే ఆడుతూ, బంతి కోసం గిరుక్కున తిరిగాడు. శరీరం తిరిగింది కాని పాదం తిరగలేదు. మోకాలిలో ‘టప్’మని శబ్దం వినిపించింది. సాయంత్రానికి మోకాలు కుండలా వాచింది. లోపలి స్నాయు బంధం తెగిందని స్కానింగులో తేలింది. శస్త్రచికిత్స జరిగింది.

“ఇకమీదట మైదానంలో ఆడనండీ. కాలేజీ ఇన్‌డోర్ హాలులో చెక్క నేల మీదే ఆడతాను. ఈ రెండింటిలో ఏవి వేసుకోమంటారు?” అని అతడు అడిగాడు.

రెండూ పనికిరావు. అంతకుమించి, అప్పటికి ఆ మోకాలే ఆటకు సిద్ధంగా లేదు. ఆనాడు ఆ తల్లీకుమారులకు చెప్పిన విషయాలనే పాఠకుల కోసం ఇక్కడ వివరిస్తున్నాము. ఆడే పిల్లలున్న ప్రతి ఇంటికీ ఇవి ఉపయోగపడతాయని మా నమ్మకం.

నాలుగు గోడల మధ్య ఆట

ఇన్‌డోర్ ఫుట్‌బాల్‌లో ప్రసిద్ధమైన రూపం ఫుట్‌సాల్. 1930లో ఉరుగ్వే దేశపు మాంటెవీడియో నగరంలో హువాన్ కార్లోస్ సెరియాని అనే ఉపాధ్యాయుడు దీనిని రూపొందించాడు. మొట్టమొదటి ప్రపంచ కప్ ఫుట్‌బాల్ పోటీలు జరిగినది కూడా ఆ సంవత్సరమే, ఆ నగరంలోనే. ఒక్కొక్క జట్టుకు ఐదుగురు ఆటగాళ్ళు. సుమారు 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు గల గట్టి నేల. బంతి మామూలు ఫుట్‌బాల్ కంటే చిన్నది, తక్కువగా ఎగురుతుంది.

ఆటస్థలం చిన్నది కదా, ప్రమాదమూ చిన్నదే అనుకోవడం పొరపాటు. విశాలమైన మైదానంలో ఆటగాడు ఎక్కువగా తిన్నగా పరుగెత్తుతాడు. చిన్న హాలులో నాలుగడుగులు వేయగానే ఆగాలి, మళ్ళీ తిరగాలి, మళ్ళీ ఉరకాలి. ఇలా హఠాత్తుగా ఆగి, తిరిగే క్షణంలోనే మోకాలికి ముప్పు. ఎదుటివాడు తగలకుండానే స్నాయు బంధాలు తెగిన సందర్భాలు అనేకం. యువకులకంటే యువతులలో ఈ గాయం ఎక్కువగా కనిపిస్తుంది. కనుక ఆడపిల్లల తల్లిదండ్రులు మరింత శ్రద్ధ వహించాలి.

మన దేశంలో ఒకప్పుడు బూట్లు లేకుండానే ఫుట్‌బాల్ ఆడేవారు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన జట్టులో అత్యధికులు ఉత్త పాదాలతోనే ఫ్రాన్సును ఎదుర్కొని 2-1 తేడాతో మాత్రమే ఓడిపోయారు. 1952 హెల్సింకీ పరాజయం తరువాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. అటుపిమ్మట హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో మన జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానాన్ని, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణాన్ని సాధించింది. అంటే ఈ ఆట మనకు పరాయిది కాదు. దానికి తగిన పాదరక్ష ఏదన్న విచారణే మన ఇళ్ళలో తక్కువ.

జానుమర్మం

సుశ్రుతాచార్యుడు శరీరంలో 107 మర్మస్థానాలను పేర్కొన్నాడు. తొడ, పిక్క కలిసే చోట ఉన్నది జానుమర్మం. దానిని సంధిమర్మాలలోను, వైకల్యకర మర్మాలలోను చేర్చాడు. అక్కడ బలమైన దెబ్బ తగిలితే ప్రాణం పోదు గాని కుంటితనం సంభవిస్తుందని హెచ్చరించాడు.

ఆధునిక శరీరశాస్త్రం చెప్పేదీ దీనికి దగ్గరగానే ఉంది. మోకాలు ముఖ్యంగా తలుపు బందులా ముందుకూ వెనుకకూ కదిలే కీలు. పక్కలకు మెలితిరగడం దానికి కొద్దిగా మాత్రమే సాధ్యం. ఆ మెలికను అదుపులో ఉంచే బంధాలలో ముఖ్యమైనది ఏసీఎల్ అని వైద్యులు పిలిచే స్నాయువు. ఎముకల నడుమ మెత్తలవలె ఉండే మృదులాస్థి పలకలే మెనిస్కస్‌లు. పాదం నేలకు అతుక్కుపోయి, పైశరీరం తిరిగినప్పుడు ఆ మెలిక బలమంతా వీటి మీదనే పడుతుంది.

ఇక్కడే బూటు ప్రాముఖ్యం తెలుస్తుంది. బూటు నేలను పట్టుకోవాలి. లేకపోతే జారిపడతాము. కాని పట్టు మితిమీరితే పాదం తిరగవలసిన చోట తిరగదు, మోకాలు తిరుగుతుంది. నార్వే దేశంలో ఇన్‌డోర్ హ్యాండ్‌బాల్ క్రీడాకారిణులను పరిశీలించినప్పుడు, చెక్క నేలల కంటే పట్టు ఎక్కువగా ఉండే కృత్రిమ నేలల మీద ఏసీఎల్ గాయాలు అధికంగా కనిపించాయి. జారుడూ కాని, అతుకుడూ కాని మధ్యస్థమైన పట్టు మనకు కావలసినది.

బూట్ల కంటే ముందు మోకాలు

మానని మోకాలిని ఏ బూటూ కాపాడలేదు. ఆ యువకుని తొడలను టేపుతో కొలిచి చూశాము. గాయపడిన కాలి తొడ రెండవదానికంటే రెండు సెంటీమీటర్లు సన్నగా ఉంది. ఆ కాలి మీద నిలబడి కొద్దిగా వంగమంటే మోకాలు లోపలికి వాలిపోయింది. “నొప్పి లేదు కదండీ!” అన్నాడు. నొప్పి పోవడం వేరు, బలం రావడం వేరు.

ఏసీఎల్ శస్త్రచికిత్స తరువాత కనీసం తొమ్మిది నెలలు నిండకుండా, ఇటువంటి మలుపుల ఆటలకు తిరిగి వెళ్ళరాదని నేటి క్రీడావైద్యుల అభిప్రాయం. నెలలు నిండినంత మాత్రాన సరిపోదు. ఈ కింది విషయాలు కూడా సరిచూసుకోవాలి.

1. మోకాలు రెండవ కాలితో సమానంగా పూర్తిగా చాపగలగాలి, ముడవగలగాలి.

2. వ్యాయామం చేసిన మర్నాడు వాపు రాకూడదు.

3. ఒంటికాలిపై ముందుకు గెంతితే, గాయపడిన కాలు మంచి కాలు గెంతిన దూరంలో కనీసం 90 శాతం దూరం వెళ్ళాలి. ఈ పరీక్షను ఫిజియోథెరపిస్టు సమక్షంలోనే చేయాలి. ఇంట్లో ఒంటరిగా ప్రయత్నించరాదు.

4. మెట్లు దిగేటప్పుడు, తిరిగేటప్పుడు మోకాలు పట్టు తప్పినట్లు అనిపించకూడదు.

ఈ నాలుగూ సరిగా ఉన్నాయని శస్త్రచికిత్స చేసిన వైద్యుడు ధ్రువపరచిన తరువాతనే బూట్ల దుకాణానికి వెళ్ళాలి. సామాన్యమైన బెణుకు అయితే ఇంత కాలం పట్టదు. అయినా పరీక్షలు మాత్రం ఇవే.

నేలను బట్టి బూటు

ఫుట్‌బాల్ బూట్లు చూడటానికి ఒకే రకంగా కనిపించినా వాటి అడుగులు వేరు. పెట్టె మీద, కొన్నిటికి నాలుక భాగంలో, అక్షరాలు ముద్రించి ఉంటాయి. వాటిని చదవడం నేర్చుకోవాలి.

ఎఫ్‌జీ: గట్టి సహజ పచ్చిక మైదానానికి. పొడవైన ముళ్ళు ఉంటాయి. చెక్క నేల మీద ఇవి జారతాయి, దట్టమైన కృత్రిమ పచ్చికలో ఇరుక్కుంటాయి. మన యువకుని ప్రమాదానికి ఇవే దోహదం చేశాయి.

టీఎఫ్: కృత్రిమ పచ్చికకు. అడుగున చిన్న చిన్న రబ్బరు బొడిపెలు అనేకం ఉంటాయి. నగరాలలో వల కట్టిన చిన్న మైదానాలలో ఆడేవారికి ఇవి తగినవి.

ఐసీ లేదా ఐఎన్: ఇన్‌డోర్ హాలుకు. అడుగు చదునుగా, గమ్ రబ్బరుతో, లోతులేని గీతలతో ఉంటుంది. నేల మీద మరకలు పడనివ్వని రకాన్ని ‘నాన్ మార్కింగ్’ అంటారు. చెక్క నేల, సింథటిక్ నేల రెండింటికీ ఇవే వాడాలి.

ఇక ఆ యువకుడు తెచ్చిన రెండవ జత సంగతి. పరుగు బూట్లు ఖరీదైనవే, మెత్తనివే. వాటితో చిక్కేమిటి? అవి తిన్నగా ముందుకు సాగడానికి తయారైనవి. మడమ కింద ఎత్తైన మెత్త ఉంటుంది. పక్కకు ఉరికినప్పుడు ఆ ఎత్తు మీద పాదం ఒరిగిపోతుంది, చీలమండ మడత పడుతుంది, మోకాలు మెలిపడుతుంది. మెత్తదనం అంతా మేలు కాదు. ఇన్‌డోర్ ఆటకు పాదం నేలకు దగ్గరగా ఉండాలి.

దుకాణంలో చేయవలసిన పరీక్షలు

సాయంత్రం వెళ్ళండి. పగలంతా నడిచాక పాదాలు కొద్దిగా ఉబ్బుతాయి. ఉదయం సరిపోయిన బూటు సాయంత్రం బిగుసుకుంటుంది. ఆటలో వాడే మేజోళ్ళనే వెంట తీసుకువెళ్ళండి. తరువాత ఈ పరీక్షలు చేయండి.

వంపు: బూటు ముందు భాగాన్ని, మడమను పట్టుకొని వంచండి. వేళ్ళ మొదట్లో, అంటే పాదం సహజంగా వంగే చోటనే వంగాలి. నట్టనడుమ ముడుచుకుపోయే బూటు వద్దు.

మెలిక: తడిబట్ట పిండినట్లు బూటును మెలిపెట్టండి. నడిమి భాగం కొంత ఎదురు తిరగాలి. మెత్తగా మెలిపడిపోతే పాదానికి ఆధారం ఉండదు.

మడమ: వెనుక గోడను బొటనవేలితో నొక్కండి. లోపలికి కుంగిపోకూడదు. నిలబడి నడిచినప్పుడు మడమ పైకి జారకూడదు.

వేళ్ళు: రెండు బూట్లూ వేసుకొని నిలబడాలి, కూర్చొని చూడరాదు. పొడవైన వేలికీ బూటు కొసకూ మధ్య సుమారు అర బొటనవేలు వెడల్పు ఖాళీ ఉండాలి. రెండు పాదాల కొలతలో తేడా ఉంటే పెద్ద పాదానికి సరిపోయేవే తీసుకోవాలి. “కొంచెం పెద్దవి తీసుకో, మరుసటి ఏటికి కూడా వస్తాయి” అనడం మన ఇళ్ళలో పరిపాటి. బడి బూట్లకు ఆ పొదుపు చెల్లవచ్చు. గాయపడిన మోకాలి విషయంలో అది చేటు. పెద్ద బూటులో పాదం జారుతుంది, ఆ జారుడును మోకాలు సరిదిద్దుకోవలసి వస్తుంది.

తిరుగుడు: మంచి కాలికి బూటు వేసుకొని, మునివేళ్ళ మొదలు మీద నిదానంగా తిరిగి చూడండి. కొద్దిపాటి నిరోధంతో తిరగాలి. బంకలా అతుక్కున్నా, నూనె మీదలా జారినా ఆ జత వదిలివేయండి. కొన్ని బూట్లకు ఆ చోట అడుగున గుండ్రని గీతలు ఉంటాయి. పాదం సులువుగా తిరగడానికి ఏర్పరచినవి అవి.

ఇంట్లో మరొక పరీక్ష ఉంది. పాదం తడిపి పొడి బండ మీద అడుగు వేయండి. నడిమి వంపు ఖాళీగా కనిపించక అడుగంతా నిండుగా పడితే చదును పాదం కావచ్చు. అటువంటివారు లోపలి అట్టను తీసి వేరొకటి అమర్చుకోగల బూట్లను ఎంచుకొని, వైద్యుని సలహాతో వంపు గల అట్ట వేసుకోవాలి.

ఎత్తైన చీలమండ పట్టీలు, అధిక ధర, ప్రసిద్ధ ఆటగాని పేరు: ఈ మూడూ మోకాలికి రక్ష కావు. బూటు సరిపోవడమే ముఖ్యం.

లేసు బిగింపుకు సుశ్రుతుని సూత్రం

ఎముకలు, కీళ్ళు దెబ్బతిన్నప్పుడు కట్టే కట్టును గురించి సుశ్రుతుడు చక్కని మాట చెప్పాడు. వదులుగా కడితే సంధికి స్థిరత్వం రాదు. మరీ బిగించి కడితే వాపు, నొప్పి, చర్మం పాకడం సంభవిస్తాయి. కనుక మధ్యస్థంగా కట్టాలని ఆయన ఉపదేశం. లేసుకు కూడా ఇదే సూత్రం. వేళ్ళ వద్ద కొంచెం వదులుగా, పాదం పైభాగాన గట్టిగా, చివరి రంధ్రం వరకు లేసు పోనిచ్చి కట్టాలి. ముడి కింద ఒక వేలు కష్టం మీద దూరాలి. పాదానికి తిమ్మిరి వస్తే విప్పి మళ్ళీ కట్టుకోవాలి. విశ్రాంతి సమయంలో మరొకసారి సరిచూసుకోవాలి.

పాదరక్షలు ధరించడం కళ్ళకు, పాదచర్మానికి హితమనీ, పాదాలకు కలిగే బాధలను నివారించి బలాన్నిస్తుందనీ చరకుడు దినచర్యలో చెప్పాడు. పాదరక్షను అలంకారంగా గాక ఆరోగ్య సాధనంగా చూసిన సంప్రదాయం మనది.

ఇంటి చికిత్సలు

తొలి మూడు రోజులు: కొత్తగా దెబ్బ తగిలినప్పుడు మర్దన, వేడి కాపడం రెండూ కూడవు. మన ఇళ్ళలో మొదట చేసే పొరపాటు ఇదే. సుశ్రుతుడు కూడా భగ్న చికిత్సలో మర్రి మొదలైన చెక్కల కషాయాన్ని చల్లార్చి పోయమన్నాడు. మంచు ముక్కలను గుడ్డలో చుట్టి 15 నిమిషాలు ఉంచి, రెండు మూడు గంటలకొకసారి అలా చేయండి. మంచును నేరుగా చర్మంపై పెట్టరాదు. కాలు దిండు మీద ఎత్తుగా ఉంచండి.

వాపు తగ్గాక: గుప్పెడు వావిలాకులను లీటరు నీటిలో మరిగించి, గోరువెచ్చగా అయ్యాక గుడ్డ ముంచి పిండి, పది నిమిషాలు కాపడం పెట్టండి. ఆ తరువాత గోరువెచ్చని నువ్వుల నూనెను తొడ నుండి పిక్క వరకు తేలికగా రాయండి. శస్త్రచికిత్స కుట్లు పూర్తిగా మానేవరకు, వైద్యుడు అనుమతించేవరకు ఈ రెండూ చేయరాదు. కాపడం వేడి చర్మానికి తెలియని మధుమేహ రోగులు మరింత జాగ్రత్తగా ఉండాలి.

పాదాభ్యంగం: రాత్రి పడుకునే ముందు అరికాళ్ళకు నువ్వుల నూనె రాసి ఐదు నిమిషాలు మర్దించండి. నిత్యాభ్యంగంలో తల, చెవులు, పాదాలకు ప్రత్యేక స్థానమిచ్చాడు వాగ్భటుడు. ఆటకు వెళ్ళే ముందు మాత్రం పాదాలకు నూనె ఉండరాదు. బూటులో పాదం జారుతుంది.

ఆహారం: సన్నగిల్లిన తొడకు కండ రావాలంటే పప్పులు, పాలు, పెరుగు, తినేవారికి గుడ్లు రోజూ అందాలి. ఎముకకు రాగి జావ, నువ్వులుండలు మేలైనవి. నూరు గ్రాముల రాగులలో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ఆయుర్వేదంలో అస్థిసంహారకమని పేరుగాంచిన నల్లేరు మన పెరటి మొక్కే. చేతులకు నూనె రాసుకొని లేత కాడల నార తీసి, నూనెలో బాగా వేయించి, చింతపండుతో పచ్చడి చేయాలి. సరిగా వేగకపోతే గొంతు దురద పెడుతుంది. గుగ్గులు మాత్రల వంటి వాటిని వైద్యుని సలహా లేకుండా వాడరాదు. ముఖ్యంగా రక్తాన్ని పలుచన చేసే మందులు తీసుకునేవారు ముందుగా తమ వైద్యునికి చెప్పాలి.

ఒక్క మాట స్పష్టంగా చెప్పాలి. తెగిన స్నాయువును తైలం గాని, పసరు కట్టు గాని అతికించలేవు. అవి నొప్పిని, బిగువును తగ్గించి వ్యాయామానికి తోడ్పడతాయి. అంతవరకే వాటి పాత్ర.

కొత్త బూట్లతో తొలి రోజులు

కొన్న రోజునే ఆటకు దిగరాదు. నాలుగైదు రోజులు ఇంట్లో అరగంట చొప్పున వేసుకొని నడవాలి. తరువాత హాలులో తిన్నని పరుగు, ఆపై నెమ్మదిగా మలుపులు, ఆపై బంతితో సాధన, చివరగా ఎదుటి జట్టుతో ఆట. ప్రతి మెట్టు తరువాత మర్నాడు మోకాలు చూసుకోవాలి. వాపు ఉంటే ఒక మెట్టు వెనక్కు రావాలి. బలంలో సగం వరకే వ్యాయామం చేయమన్న ఆయుర్వేద నియమం ఈ దశలో అక్షరాలా పాటించదగినది.

ఆటకు ముందు 20 నిమిషాలు ఒళ్ళు వేడెక్కించుకోవడం తప్పనిసరి. ఒంటికాలిపై నిలబడటం, గుంజీలు, గెంతి మోకాలు వంచి మెత్తగా దిగడం, మలుపుల పరుగు ఇందులో ఉండాలి. ‘ఫిఫా 11 ప్లస్’ అనే వ్యాయామ క్రమం ఇందుకోసమే రూపొందింది. క్రమం తప్పక చేసిన జట్లలో గాయాలు తగ్గాయి.

ఇన్‌డోర్ బూట్లతో వీధిలో నడవకండి. దుమ్ము పట్టిన రబ్బరు జారుతుంది. ఆటకు ముందు తడిగుడ్డతో అడుగు తుడవండి. చెమటకు తడిసిన బూట్లను ఎండలో పెట్టక, లోపల వార్తాపత్రిక కుక్కి నీడలో ఆరబెట్టండి. అడుగు గీతలు అరిగి నున్నగా అయితే, పైభాగం ఎంత కొత్తగా ఉన్నా ఆ జతకు సెలవు ఇవ్వాలి.

ఆలస్యం చేయరాని లక్షణాలు

దెబ్బ తగిలినప్పుడు ‘టప్’మన్న శబ్దం, కొద్ది గంటలలోనే పెద్ద వాపు, కాలు మోపలేకపోవడం, మోకాలు మధ్యలో బిగుసుకుపోవడం, నడుస్తుండగా పట్టు తప్పడం: వీటిలో ఏది కనిపించినా ఇంటి వైద్యంతో కాలం గడపక ఎముకల వైద్యుని వద్దకు వెళ్ళాలి. శస్త్రచికిత్స తరువాత జ్వరం వచ్చినా, పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం కలిగినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

తల్లికి చెప్పిన మాట

“అయితే ఆడనివ్వమంటారా?” అని ఆ తల్లి చివరగా అడిగింది.

“అమ్మా! వద్దంటే మీకు తెలియకుండా ఆ పాత బూట్లతోనే ఆడతాడు. సిద్ధమయ్యేవరకు ఆగమంటే ఆగుతాడు. ఏది మేలో మీరే ఆలోచించండి” అన్నాము. ఆమె కొంతసేపు మౌనంగా ఉండి, కుమారుని చేతిలోని సంచి తీసుకొంది. “ఇవి నా దగ్గరుంటాయి. డాక్టర్లు సరేనన్న రోజున నేనే కొత్తవి కొనిపెడతాను” అంది.

ఆ రోజు రావడానికి మరి నాలుగు నెలలు పట్టింది. ప్రతి ఆదివారం తొడ కొలత తీసి క్యాలెండరు మీద రాసినది ఆ తల్లే. పదకొండవ నెలలో చదునైన అడుగు గల సాదా బూట్లు కొన్నారు. మొదటి వారం అతడు ఆడినది పది నిమిషాలు మాత్రమే. ఆ పది నిమిషాలూ హాలు మెట్ల మీద కూర్చొని చూశానని ఆమె మాకు చెప్పింది.

బూట్లు ఒక్క పూటలో కొనవచ్చు, మోకాలికి నెలలు పడతాయి. ఆ నెలలను ఓపికతో గడిపినవారికే మంచి బూటు ఉపయోగపడుతుంది.